మంచికా, చెడుకా?

పోయిన వారం మా వీధిలో ఎవరో గుడ్డ చింపారు. కత్తెరతో కత్తిరించడం కాదు. అంచు దగ్గర చిన్న గాటు పెట్టి, రెండు చేతులా పట్టి గుంజితే బర్రుమని ఆ కొసదాకా పోతుందే, ఆ చప్పుడు. నాగర్‌కర్నూల్ బజారులో ఇప్పుడది వినపడటమే అరుదు. అందరూ కుట్టిన బట్టలే కొంటున్నారు. నేనప్పుడే టిఫిన్ డబ్బా విప్పి అన్నం కలుపుకుంటున్నాను. చప్పుడు వినగానే చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. ఇన్నేళ్ళయినా ఇదేం పిరికితనమే సుజాతా అని నన్ను నేనే తిట్టుకున్నాను కానీ ఆ పూట ముద్ద దిగలేదు. ఆ చప్పుడు నాకు నేర్పిన మనిషి జములక్క. ఆమెను మీరెవరూ చూసి ఉండరు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, మూడు ఊళ్ళలో మూడు దుకాణాలు నడిపిన మనిషి గురించి ఎక్కడా ఒక్క ముక్క రాసి లేదు. నాకు చేతనైనంత నేను రాస్తాను.

జములక్క పొట్టిగా, గట్టిగా ఉండేది. అమ్మేది పట్టు చీరలే అయినా తాను కట్టేది మాత్రం ఎప్పుడూ ముతక నూలు చీర. భర్త గద్వాలలో ఇతరుల మగ్గం మీద నేసేవాడట. ఈమె బస్టాండు ఎదురుగా ఒక మూట విప్పుకుని కట్‌పీసులు, దారపు ఉండలు పెట్టుకుని కూర్చునేదట. ఊళ్ళోని దర్జీలందరూ జాకెట్టుకు సరిపోయే దారం కోసం ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళట, ఎందుకంటే రంగుకు రంగు కలపడంలో ఆమె కన్ను తప్పేది కాదు. మూట పోయి డబ్బా కొట్టు వచ్చింది. డబ్బా కొట్టు పోయి గది వచ్చింది. గది మీద బోర్డు రాయించమంటే పేరేం పెట్టాలని పెయింటరు అడిగాడట. "ఏముంటయో గవే రాయి," అందట ఈమె. అట్లా మా మూడు దుకాణాల మీదా చివరిదాకా 'బట్టలు, దారాలు' అనే ఉండేది. లేసులు, అద్దాలు, పూసలు, ఎంబ్రాయిడరీ చట్రాలు, చీర కుచ్చులకు పట్టు దారం, మీటర్లలో గుడ్డ, అన్నిటికీ పైన గద్వాల చీరలు.

వనపర్తిలో రెండో దుకాణం పెట్టిన కొత్తలో నేను పనికి చేరాను. మాది వీపనగండ్ల. డిగ్రీ పాసై, టైలరింగ్ సర్టిఫికెట్ కూడా సంపాదించి, రెండు కాగితాలూ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వెళ్ళాను. జములక్క ఆ కవరు వైపు కూడా చూడలేదు. తెల్ల మల్లు గుడ్డ తాను ఒకటి నా ముందు పడేసి, "మూడు మీటర్లు చింపు," అంది. నేను కత్తెర కోసం వెతికాను. "కత్తెర కాదు పిల్లా, చేతులున్నయి కద." నేను గుంజాను. గుడ్డ వంకరపోయింది. ఆమె ఆ గుడ్డ లాక్కుని, గోటితో పోగు వెతికి, ఒక్క గుంజు గుంజింది. ఆ చప్పుడుకు నేను ఎగిరిపడ్డాను. దారం గీసినట్టు తిన్నగా చినిగింది. "పోగు పట్టుకుంటే గుడ్డ నీ మాట వింటది. అర్ధగంటల నేర్చుకో," అని మల్లు ముక్కలు ఇచ్చి వెళ్ళిపోయింది. డిగ్రీ చదివింది ఇందుకా అని ఏడుపొచ్చింది. అయినా రోషానికి కూర్చుని నేర్చుకున్నాను.

నిజమైన దెబ్బ మర్నాడు తగిలింది. పొద్దున్నే తలలో కనకాంబరాలు పెట్టుకుని ఒకావిడ వచ్చింది. "చీరలు సూపియ్యి," అంది. జములక్క చీరల వైపు చెయ్యి కూడా చాపకుండా, "మంచికా, చెడుకా?" అని అడిగింది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. పొద్దున్నే, పూలు పెట్టుకుని వచ్చిన ఇల్లాలిని, చెడుకా అని అడుగుతారా ఎవరైనా! ఆవిడ మాత్రం తాపీగా, "మంచికే అక్కా, కోడలి సీమంతం," అని కూర్చుంది. ఆవిడ వెళ్ళాక నేను ఆగలేకపోయాను.

"అక్కా, గట్లెట్ల అడుగుతవు? కోపం రాదా?"

"కోపమొస్తే రానీ. చెడుకొచ్చినోళ్ళు నోరు తెరిచి చెప్పలేరు పిల్లా. మనమే అడగాలె. ఒక్క మాట, గంతే. వాళ్ళు తలకాయ ఊపితే సాలు."

అప్పుడు చెప్పింది తన పద్ధతి. మంచికి కొంటే కత్తెర, మీటరు కడ్డీ, పైన జానెడు కొసరు, చీర కొసకు పసుపు బొట్టు, చేతిలో ఒక లడ్డు, వెళ్ళేటప్పుడు మళ్ళీ రమ్మనడం. చెడుకు కొంటే, అంటే ఇంట్లో చావైతే, ఇవేవీ ఉండవు. కడ్డీ ముట్టరు. కత్తెర పెట్టరు, చేత్తో చింపుతారు. బేరం లేదు, లాభం వేసుకోరు. సంచిలో పెట్టరు, పాత కాగితంలో చుట్టి ఇస్తారు. వాళ్ళు వెళ్ళేటప్పుడు రమ్మనరు, వాళ్ళూ వస్తామనరు. దుకాణంలోవాళ్ళు మాట్లాడకుండా లేచి నిలబడతారు, అంతే. తొలిరోజు నాకు చింపడం ఎందుకు నేర్పిందో అప్పుడు అర్థమైంది. వనపర్తిలో ఉన్న మూడేళ్ళలో నేను ఎన్నిసార్లు అట్లా చింపానో లెక్కలేదు. పెద్ద మనుషులకు, పసివాళ్ళకు కూడా. పసివాళ్ళకు అరమీటరు చాలు.

నాగర్‌కర్నూల్‌లో మూడో దుకాణం తెరిచేటప్పుడు జములక్క నన్నే అక్కడ పెట్టింది. నాకు పట్టపగ్గాలు లేవు. హైదరాబాద్ వెళ్ళి పెద్ద పెద్ద షోరూములు నాలుగు చూసి వచ్చాను. అద్దాల తలుపులు పెట్టించాను. ఏసీ పెట్టించాను. ఇద్దరు అమ్మాయిలకు ఒకే రంగు చీరలు కట్టించి, గిరాకీ లోపల కాలు పెట్టగానే నవ్వుతూ నమస్కారం పెట్టాలని నేర్పాను. చీర కొంటే బంగారు రంగు అట్టపెట్టె, దానికి ఎర్ర రిబ్బను, మూత మీద 'శుభాకాంక్షలు'. ఇన్ని చేశాక ఆ అద్దాల తలుపు లోపల నిలబడి మంచికా చెడుకా అని ఎట్లా అడుగుతాం? నాకు సిగ్గనిపించింది. జములక్కతో తెగేసి చెప్పాను.

"ఈడ ఆ మాట వద్దక్కా. ఆఫీసర్ల భార్యలు వస్తరు. నవ్వుతరు మనల్ని."

"నవ్వితే నీకేం పాయె?"

"గిరాకీ పోతది. చెడుకు కొనేటోళ్ళు ఈ అద్దాలు చూసి లోపలికే రారు. బజార్ల వేరే దుకాణాలు లేవా?"

ఆమె చాలాసేపు ఆ తలుపును చూసింది. చేత్తో ఒకసారి నిమిరింది. ఎన్నడూ నా మాటకు తలొంచని మనిషి, "సరే, నీ దుకాణం నీ ఇష్టం," అంది. గెలిచానని సంబరపడ్డాను. ఎంత మూర్ఖురాలినో!

రెండు వేల ఎనిమిది ఎండాకాలం. మధ్యాహ్నం కాకముందే వీధి కాలిపోతోంది. పాతికేళ్ళ మనిషి ఒకడు చెప్పులు బయట విడిచి, అద్దాల తలుపు ఎటు తోయాలో తెలియక కాసేపు నిలబడి, లోపలికి వచ్చాడు. గడ్డం మాసి ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎండన పడి వచ్చాడనుకున్నాను. "గద్వాల చీర కావాలమ్మా. అక్కకు," అన్నాడు. పేరు కుర్మయ్య అని తరువాత తెలిసింది. నాకు ఎంత హుషారొచ్చిందో! అక్కకు చీర పెట్టే తమ్ముడంటే నాకు మామూలుగానే ముచ్చట. నూలు చీరకు పట్టు అంచు ఎట్లా కలుపుతారో చూపిస్తూ పన్నెండు చీరలు విప్పాను. "అక్క రంగెట్లుంటది?" అన్నాను. "నా లెక్కనే ఉంటదమ్మా," అన్నాడు. "అయితే చిలకపచ్చకు ఎర్రంచు తీసుకో అన్నా, పెళ్ళికూతురు లెక్క మెరుస్తది," అన్నాను. అతను ఆ చీర మీద చెయ్యి పెట్టి అట్లాగే ఉండిపోయాడు. "ఇదే ఇయ్యమ్మా."

"ఫాల్ కుట్టించి ఇస్తం. రెండు రోజులాగు."

"రెండు దినాలు ఆగదమ్మా."

నేను నవ్వాను. ఈ మాట రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు. "అంత తొందరనా మీ అక్కకు!" అని పకపకా నవ్వాను. అమ్మాయిలిద్దరూ నవ్వారు. అతను కూడా పెదవులు కదిలించాడు, నవ్వినట్టే. పెట్టెలో పెట్టి రిబ్బను కట్టాను. చీర కొసకు పసుపు రాశాను. చేతిలో లడ్డు పెట్టాను. వద్దనలేక పిడికిట్లో పట్టుకున్నాడు. తలుపుదాకా వెళ్ళి సాగనంపుతూ, "ఈసారి అక్కను కూడా తీసుకురా అన్నా, ఆమెకు నచ్చిందే ఇస్త," అన్నాను. అతను తల ఊపి ఎండలోకి వెళ్ళిపోయాడు.

అరగంట దాటాక జములక్క వచ్చింది. వారానికి రెండుసార్లు గద్వాల నుంచి బస్సులో వచ్చేది. వస్తూనే గల్లా ముందు నిలబడి, చేతిలోవి ఒక్కొక్కటిగా బల్ల మీద పెట్టింది. ఎర్ర రిబ్బను. బంగారు పెట్టె మూత. చితికిన లడ్డు.

"గివి ఎవరిచ్చిండ్రు?"

"నేనే అక్కా. ఏమైంది?"

"బస్టాండుల బెంచి మీద కూసోని రిబ్బను విప్పుతుండు. ముడి రాక ఏడుస్తుండు." గొంతు పెంచలేదు. "ఆయన అక్క తెల్లారగట్ల సచ్చిపోయిందంట. పుట్టింటి చీర కోసమొచ్చిండు."

బల్ల పట్టుకున్నాను. పన్నెండు చీరలు, పెళ్ళికూతురు, తొందర, అక్కను తీసుకురా, నేనన్న ఒక్కొక్క మాటా నాకే వినపడుతోంది. అమ్మాయిల్లో ఒకతె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తింది. జములక్క నన్ను ఒక్క దెబ్బ కొట్టి ఉంటే బాగుండేది. ఆమె బయటికి వెళ్ళి షట్టరు సగం దించి, "నడువు," అంది.

అద్దె జీపు మాట్లాడి ఉంచింది. లోపల కుర్మయ్య కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో చీర, ఇప్పుడు కాగితంలో చుట్టి. నన్ను అతనికి ఎదురుగా కూర్చోబెట్టింది. వెళ్ళాల్సింది తిమ్మాజిపేట పక్క ఊరికి. దారంతా నేను తల ఎత్తలేదు. అతని పాదాలే చూశాను. మడమలు పగిలి ఉన్నాయి. సగం దూరం వెళ్ళాక "అన్నా, నువ్వు ఒక్క మాట చెప్తే..." అన్నాను.

"మీరు నవ్వుకుంట సూపిస్తుండ్రి. నాకు చెప్పబుద్ధి కాలేదమ్మా," అన్నాడు.

తప్పు నాది. నన్ను చిన్నబుచ్చకూడదని ఆ మనిషి తన దుఃఖాన్ని పిడికిట్లో లడ్డుతో పాటు దాచుకుని వెళ్ళాడు! ఇంతకన్నా ఘోరం ఏముంటుంది? తరువాత అతనే ముక్కలు ముక్కలుగా జములక్కకు చెప్పాడు. అక్క పేరు బాలమణి. మొగుడితో పూనాకు కట్టడం పనికి వెళ్ళి జ్వరంతో తిరిగి వచ్చింది. దవాఖానలో వారం ఉంది. పెళ్ళప్పుడు పుట్టింటివాళ్ళు గద్వాల చీర పెడతామని మాటిచ్చారు, పెట్టలేకపోయారు. ఆమె ఏనాడూ అడగలేదు. ఇప్పుడు ముత్తైదువుగా పోతోంది, పుట్టింటి చీర లేకుండా పంపకూడదు. ఆ చీర గద్వాలదే కావాలని తల్లి పట్టుబట్టింది.

ఆ ఇంటి ముందు జనం ఉన్నారు. జీపు దిగగానే నా మీద రాళ్ళు పడతాయనిపించింది. పడితే పడనీ, నాకు తగిందే అనుకున్నాను. జములక్క నా రెక్క పట్టుకుని తిన్నగా ఆ తల్లి ముందుకు తీసుకెళ్ళింది. "అమ్మా, నీ కొడుకుకు చీరిచ్చింది మా పిల్లనే. తెల్వక నవ్వింది. లడ్డు పెట్టింది. తప్పయింది," అని నన్ను ఆమె కాళ్ళ దగ్గర కూర్చోబెట్టింది. ముసలామె నా ముఖం చూడలేదు. "చీర ఏది?" అంది. కుర్మయ్య కాగితం విప్పాడు. ఆమె అంచును వేళ్ళతో తడిమి చూసింది, తిప్పి చూసింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళ వైపు చూసింది. ఎవరూ ముందుకు రాలేదు.

"మేమెవ్వరం గిసొంటిది కట్టలే," అంది నాతో. "ఎట్ల కట్టాల్నో మాకు తెల్వదు. నువ్వే సూపిచ్చినవంట గద. నువ్వే కట్టు నా బిడ్డకు."

నేను బిత్తరపోయి జములక్క వైపు చూశాను. అంతవరకు నేను పీనుగును ముట్టి ఎరగను. జములక్క, "కట్టు పిల్లా," అని మాత్రం అని, మగవాళ్ళు నిలబడ్డ వైపు వెళ్ళిపోయింది. కట్టాను. లోపలి గదిలో నలుగురు ఆడవాళ్ళు ఆమెను ఎత్తి పట్టుకుంటే, లంగా తొడిగి, కుచ్చిళ్ళు పోసి, పైట సర్ది, పెళ్ళికూతురికి కట్టినట్టే కట్టాను. బాలమణికి నా వయసే ఉంటుంది.

తిరిగి వస్తూ జీపులో నేను, "అక్కా, రేపటి నుంచి నేను రాను," అన్నాను.

"ఎందుకు రావు? ఆ మాట తీసేసింది నువ్వు. తీయనిచ్చింది నేను. అద్దాల తలుపు సూసి మురిసిన, ముండదాన్ని. నువ్వు ఇంట్ల కూసుంటే నేను యాడ కూసోవాలె?" అని కిటికీ వైపు తిరిగింది. ఆమె ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మర్నాడు షట్టరు నేనే ఎత్తాను. మొదట వచ్చినావిడను, "మంచికా, చెడుకా?" అని అడిగాను. "పొద్దున్నే ఇదేం మాట?" అని ఆవిడ విసవిసా వెళ్ళిపోయింది. రెండో ఆవిడను కూడా అడిగాను. ఆ తరువాతి ఏడు తుంగభద్ర అలంపురాన్ని ముంచినప్పుడు గద్వాల దుకాణం ముందు కట్టుబట్టలతో జనం నిలబడ్డారు. ఆ రోజు జములక్క ఎవరినీ ఏమీ అడగలేదు. తానుకు తాను విప్పి చింపుతూనే ఉంది, కబురు విని వెళ్ళిన నేనూ పక్కన చింపాను, సాయంత్రానికి వేళ్ళ సందులు కోసుకుపోయాయి. ఆ సరుకు మళ్ళీ నింపుకోలేకపోయింది. తరువాత పెద్ద షోరూములు వచ్చాయి, వనపర్తి దుకాణం మూతపడింది, గద్వాలది చేతులు మారింది. నాగర్‌కర్నూల్‌ది నాకు అప్పగించింది. దాన్ని కుదించుకుని చిన్న గదిలో నడుపుతున్నాను. జములక్క పోయిందని కబురు అందేసరికి ఆలస్యమైంది. బీచుపల్లి వంతెన దాటి నేను గద్వాల చేరేసరికి అంతా అయిపోయింది. ఆమెకు చీర ఎవరు కట్టారో కూడా నాకు తెలియదు.

ఇప్పుడు నేను పెళ్ళికూతుళ్ళకు చీరలు కట్టడానికి కూడా వెళ్తుంటాను. "గట్టిగా కట్టు ఆంటీ, జారిపోతది," అంటారు పిల్లలు. గట్టిగా కట్టడం నాకు చేతకాదు. ఎందుకో జములక్కకు కూడా చెప్పలేదు, ఆ రోజు ఆమె ఆ గదిలో లేదు. బాలమణికి కుచ్చిళ్ళు నిలవక పట్టు అంచు జారిపోతుంటే, నేను లంగా బొందు గుంజి బిగించబోయాను. ఆ తల్లి నా చెయ్యి పట్టుకుంది.

"జర వదులుగ కట్టు బిడ్డా," అంది మెల్లగా. "దానికి ఊపిరాడదు."

ఎవరూ ఆమెకు ఏమీ చెప్పలేదు. నేను బొందు విప్పి, సందు ఉంచి మళ్ళీ కట్టాను. ఆమె వంగి, ఆ సందులో తన రెండు వేళ్ళు పెట్టి చూసుకుని, "ఆఁ, గట్ల," అంది.